కొడుకు ఉద్యోగం

రాజక్క మొదటిసారి మా గదికి వచ్చిన రోజు చెప్పులు కింద మెట్ల దగ్గరే విడిచి, చీరకొంగు చాటున ఒక గిన్నె పట్టుకుని పైకెక్కి వచ్చింది. గిన్నెలో జున్ను. పనిమీద ఎవరి దగ్గరికన్నా పోతే ఒట్టి చేతులతో పోకూడదని ఆమె పట్టింపు. కుర్చీ చూపిస్తే కూచోలేదు. గోడకు ఆనుకుని నిలబడి, "గీడ కొడుకులను బాగుచేస్తరట గదా, టీచరమ్మా? మావోన్ని జర మంచిగ చేసియ్యుర్రి" అంది.

నాకు కోపం తొందరగా వస్తుంది. బడిలో పనిచేసినన్నాళ్ళూ వచ్చింది, రిటైరైనాక ఇంకా ముదిరింది. "బాగుచేసి ఇయ్యడానికి ఇది సైకిలు షాపు కాదమ్మా" అన్నాను. ఆమె నొచ్చుకోలేదు. గిన్నె బల్లమీద పెట్టి, "తినుర్రి, మొన్ననే బర్రె ఈనింది" అని దిగి వెళ్ళిపోయింది. మరుసటి నెల మళ్ళీ వచ్చింది.

ఆ గది సంగతి చెప్పాలి. కరీంనగర్ మంకమ్మతోటలో ఒక టైలరు షాపు మీద ఉంటుంది. దాని పేరు 'తోడు'. ఆడపిల్లను ఇష్టపడిన ఆడపిల్ల, మగవాణ్ణి ఇష్టపడిన మగవాడు, కొడుకుగా పుట్టి బిడ్డగా, అంటే కూతురిగా, బతకాలనుకున్న పిల్ల, ఇట్లాంటి వాళ్ళను కన్నవాళ్ళు వచ్చి కూచుని ఏడవడానికి, మమ్మల్ని తిట్టడానికి, తిట్టీ తిట్టీ ఆఖరికి కొంచెం మెత్తబడడానికి పెట్టిన గది. మా పెద్దవాడు పుణెలో తన స్నేహితుడితో కాపురం ఉంటున్నాడని తెలిసిన తర్వాత నేను కూడా ఇక్కడికి ఏడవడానికే వచ్చాను. ఏడుపు అయిపోయింది, పని మిగిలింది. నెలకొక శనివారం హైదరాబాదు నుంచి ఒక పెద్ద లా ఫర్మ్ మాకు ఫీజు లేకుండా ఒక వకీలును పంపుతుంది. ఆ ఫర్మ్ పెద్దలు ఎప్పుడూ రాలేదు. వాళ్ళ బ్యానరు మాత్రం ఒకసారి వచ్చింది, దాన్ని వర్షాకాలంలో కిటికీకి కట్టుకున్నాం. వచ్చేది నిఖిత అనే అమ్మాయి. పొద్దున్నే బస్సు దిగి, ఇడ్లీ కూడా తినకుండా ఫైళ్ళు ముందేసుకుని కూచుంటుంది. ఆ అమ్మాయి మీద మాత్రం నాకెప్పుడూ కోపం రాలేదు.

రాజక్క పుట్టింది సుల్తానాబాద్ దగ్గర పల్లెలో. చేతికి చాట అందిన వయసు నుంచి బీడీలు చుట్టింది. పెండ్లయి శ్రీరాంపూర్ వచ్చింది. పెనిమిటి పోశం బొగ్గుబాయిలో కార్మికుడు. కంపెనీ ఇచ్చిన క్వార్టర్ వెనక రేకులు వేసి రెండు బర్రెలను పెట్టుకుంది. తెల్లారి లేచి పాలు పిండి క్వార్టర్ల లైనంతా పోసి వస్తుంది. కాన్పులు అయ్యాయి గానీ పిల్లలు దక్కలేదు. దక్కించుకున్నది ఒక్కణ్ణి. వాడికి రాకేశ్ అని పేరు పెట్టారు.

బాయిల మీద కొడుకు పుట్టాడంటే ఉద్యోగం పుట్టిందని లెక్క. బాయిలో పనిచేసి నడుమో ఊపిరితిత్తులో పాడైన మనిషిని మెడికల్ బోర్డు చూసి అన్‌ఫిట్ అంటుంది. అప్పుడు అతని ఉద్యోగం పిల్లలకు వస్తుంది. ఉంటున్న క్వార్టర్ కూడా చేయి జారదు. ఇప్పుడు బిడ్డలకు కూడా ఇస్తున్నారు గానీ, జనం నోట్లో అది ఇంకా కొడుకు ఉద్యోగమే. ఉయ్యాలలో ఉన్న రాకేశ్‌ను చూపించి పోశం తన తోటివాళ్ళతో "నా హెల్మెట్ వీనికే" అనేవాడట. రాజక్క ఆ మాట చెప్పినప్పుడల్లా నవ్వేది. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

రాకేశ్‌కు ఆ హెల్మెట్ వద్దు. ఇంటర్ చదివే రోజుల్లోనే తాను మగపిల్లవాణ్ణి కానని అవ్వకు, అంటే తల్లికి, చెప్పాడు. అవ్వ నోరు మూసింది. బాపు పోశం బెల్టు తీశాడు. ఇల్లు విడిచి కరీంనగర్ వచ్చి, ఒక బ్యూటీ పార్లర్‌లో చేరి, సృజన అని పేరు పెట్టుకుంది. నేను చూసేటప్పటికే ఆమె సృజన. నేను ఆ పేరుతోనే పిలుస్తాను. మాటకారి, కొంటె పిల్ల. నా చీరల రంగులు చూసి, "టీచరమ్మా, ఈ రంగును దుకాణపోళ్ళు మీకోసమే దాచిపెడుతున్నరా?" అనేది. నిఖిత ఆమెతో దరఖాస్తు పెట్టించి, కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి, సృజన పేరు మీద ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కార్డు ఇప్పించింది. ఆ రోజు గదిలో అందరికీ మిర్చిబజ్జీలు తెప్పించింది సృజన.

రాజక్క దవాఖాన అని ఇంట్లో అబద్ధం చెప్పి నెలనెలా వస్తూనే ఉంది. మొదట్లో సృజన వైపు చూసేది కాదు. నేలను చూస్తూ, "తిన్నవా?" అని అడిగేది. తర్వాత పక్కన కూచోవడం మొదలుపెట్టింది. ఒక శనివారం కొబ్బరినూనె సీసా తెచ్చి, "నెత్తి గిట్ల ఎండబెట్టుకుంటే ఎట్లనే?" అని సృజన జుట్టు ముందేసుకుని కూచుంది. ఇంకొకసారి గాజులు తెచ్చింది. "సైజు తెల్వక రెండు సైజులు తెచ్చిన" అంటూ ఒక్కొక్కటీ తనే తొడిగి చూసింది. నేను ఫైలు చూస్తున్నట్టు తల వంచుకున్నాను గానీ కండ్లకు ఏమీ కనబడలేదు. ఆ రోజుల్లో రాజక్కంత గొప్ప తల్లి లేదని నేను ఊరంతా చెప్పుకుని తిరిగాను.

అప్పుడు పోశం నడుము పడిపోయింది. లేచి చెంబు పట్టుకోవడం కూడా కష్టమైంది. రిటైర్మెంటు దగ్గరపడుతున్నది. అది దాటితే అన్‌ఫిట్ దారి మూసుకుపోతుంది, ఉద్యోగం ఎవరికీ రాదు, క్వార్టర్ ఖాళీ చేయాలి. సుల్తానాబాద్‌లో వాళ్ళకు గుంట భూమి కూడా లేదు.

రాజక్క తన తమ్ముడు పర్శరాములును వెంటబెట్టుకుని వచ్చింది. బాయిల మీద ఏ పని ఎవరి ద్వారా అవుతుందో తనకొక్కడికే తెలిసినట్టు తిరిగే మనిషి. తెల్లచొక్కా జేబులో రెండు ఫోన్లు. నిఖిత అంతా విని, నెమ్మదిగా చెప్పింది. "సృజన కార్డు పెట్టి, బిడ్డగానే దరఖాస్తు చేద్దాం. మొదట కంపెనీని అడుగుదాం. కాదంటే మా ఫర్మ్ హైకోర్టులో కేసు వేస్తుంది. చట్టం మన వైపే ఉంది."

"ఎన్నొద్దులైతది మేడం?" అని అడిగింది రాజక్క.

"అడిగితే ఏమంటారో తెలియదు. కోర్టుకు పోతే గెలుస్తామని చెప్పగలను. ఎప్పుడని మాత్రం చెప్పలేనమ్మా."

పర్శరాములు నవ్వాడు. "అడుగుడేంది మేడం? బాయిల మీద ఎవ్వడన్న పోయి నేరుగ అడుగుతడా? అడిగినమంటే నలుగురికి తెలుస్తది, ఉన్నది ఊడుతది. పోరడు జుట్టు కత్తిరిచ్చుకోని, ప్యాంటు అంగి తొడిగి బోర్డు ముందల నిలవడితే అయిపాయె. నాలుగొద్దుల ముచ్చట."

అది ఆ ప్రాంతపు మనుషుల తీరు. ఆఫీసులో కిటికీ దగ్గరికి పోయి అడగాల్సిన మాట అడగరు. తెలిసినవాణ్ణి పట్టుకుంటారు, వాడు ఇంకొకణ్ణి పట్టుకుంటాడు. అడిగితే పోతుందన్న భయం బొగ్గు మసి లాగా ఒంటికి పట్టుకుని ఉంటుంది. నేను అగ్గి మీద గుగ్గిలమయ్యాను. "నీ నాలుగొద్దులు నీ దగ్గరే పెట్టుకో. అది ఆమె బతుకు" అని అరిచాను. అతను నా వైపు చూడను కూడా లేదు.

సృజన అవ్వ వైపు చూసింది. కాదంటుందని ఆశ. రాజక్క బిడ్డ చేతులు రెండూ పట్టుకుని, "ఒక్కపారి బిడ్డా. బాపు నౌకరి చేతికి వచ్చేదాక. అటెన్క నీ ఇష్టం. నేను అడ్డం రాను" అంది.

"అవ్వా, నువ్వు గూడనా?" అంది సృజన.

 కొన్నాళ్ళకు పార్లర్ మానేసి శ్రీరాంపూర్ వెళ్ళిపోయింది. మంగలి షాపులో కూచోలేనంటే, వెనక రేకుల పాకలో రాజక్కే కత్తెర పట్టి జుట్టు కత్తిరించిందని తర్వాత తెలిసింది. ఊడ్చి ఎత్తి పారెయ్యడానికి చేతులు రాలేదని, రెండు రోజులు అక్కడే పడి ఉన్నదని ఆమే నాతో చెప్పింది.

మంచిర్యాలలో నోటరీ పని పర్శరాములే చూసుకున్నాడు. నేను మగవాడినే, పేరు రాకేశ్, ఆ గుర్తింపు కార్డు తెలియక తీసుకున్నాను, రద్దు చేసుకుంటున్నాను అని సృజన చేత అఫిడవిట్ ఇప్పించాడు. నిఖితకు చెప్పలేదు. విషయం తెలిసినాక ఆ అమ్మాయి తల పట్టుకుంది. "ఆంటీ, వీళ్ళు తమ చేతులు తామే కట్టేసుకున్నారు. రేపు సృజనగా ఉంటానంటే, అప్పుడు అబద్ధం చెప్పినట్టు ఒప్పుకోవాలి. అబద్ధం చెప్పి ఉద్యోగం తీసుకున్నావని తీసేయొచ్చు. అటెన్క నీ ఇష్టం అన్నది గదా వాళ్ళమ్మ, ఆ అటెన్కనే లేకుండా చేసుకున్నారు" అంది. ఇట్లా జరుగుతుందని ముందే గట్టిగా చెప్పాల్సిందని తనను తాను తిట్టుకుంది. చెప్పినా వినేవాళ్ళు కారని నేను అన్నాను.

ఉద్యోగం వచ్చింది. రాకేశ్ పేరు మీద బాయిలోకి దిగింది సృజన. ఒకే ఒక్కసారి మా గదికి వచ్చింది. మగవాళ్ళ షర్టు, పొట్టి జుట్టు. బొగ్గు దుమ్ము ఎంత కడిగినా కంటి రెప్పల అంచుల్లో ఉండిపోతుంది గదా, "కాటుక ఖర్చు తప్పింది టీచరమ్మా" అంది. తన ముచ్చట్లన్నిట్లోకీ అది ఒక్కటే నాకు నవ్వు తెప్పించనిది. షిఫ్టు దిగినాక అందరూ స్నానాలు చేసి పోయేదాకా ఏదో పని ఉన్నట్టు నిలబడుతుందట. తోటివాళ్ళు మంచివాళ్ళే, అన్నం పంచుకుంటారు, అన్నా అంటారు. "వాళ్ళు అన్నా అన్నప్పుడల్ల, ఎవలినో పిలుస్తున్నరని ఎన్కకు చూస్త" అంది. మళ్ళీ రాలేదు.

రాజక్క మాత్రం వచ్చేది. మళ్ళీ సృజనగా ఉండడానికి పర్మినెంటు అయ్యేదాకా ఆగు అన్నారు, అయింది. బాపు దవాఖాన ఖర్చులు తీరేదాకా ఆగు అన్నారు, పోశం మంచం దిగలేదు. ఇంట్లో సృజన మాట్లాడడం తగ్గింది. తిన్నావా అంటే తిన్న, పోతున్నావా అంటే పోతున్న. "బెల్టుతోని కొట్టినప్పుడు గూడ గింత సప్పుడు లేకుండ ఉండలే టీచరమ్మా. తిట్టినా బాగుండు నన్ను" అని రాజక్క ఏడ్చేది.

ఆ మీదట పర్శరాములు సంబంధం తెచ్చాడు. బాయి ఉద్యోగం ఉన్న ఒక్కగానొక్క కొడుకంటే ఆ దిక్కున పిల్లనిచ్చేవాళ్ళు వరుసగట్టి వస్తారు. పిల్ల పేరు భూమిక, సుల్తానాబాద్. డిగ్రీ అయింది. తండ్రి దుబాయిలో ఉంటాడు, తల్లి బాలవ్వ ఇల్లు నడుపుతుంది. పోశం మంచంలోంచే సరే అన్నాడు. పెండ్లయితే అన్నీ అవే సర్దుకుంటాయని అతని నమ్మకం. రాజక్క వద్దని మొత్తుకుంది. ఎవరూ వినలేదు. ఆఖరికి పర్శరాములు సృజననే అడిగితే, "చేస్కుంట. చెప్పినయన్ని చేసిన గదా, గిదొక్కటి ఎందుకు మిగిలియ్యాలె?" అంది.

రాజక్క ఆ మాట పట్టుకుని మా గదికి పరుగెత్తుకొచ్చింది. ఆ శనివారం నిఖిత కూడా ఉంది. "సృజన సంగతి తర్వాత మాట్లాడదాం. ఆ అమ్మాయి ఏం పాపం చేసిందమ్మా? ఆమెకు తెలియాలి గదా" అంది నిఖిత.  రాజక్క, "నా బిడ్డను నేనే కోసిన. ఇంకొకల్ల బిడ్డను గూడ కోస్తనా" అని లేచింది.

పూలుపండ్లు పెట్టి సంబంధం ఖాయం చేసుకునే రోజు క్వార్టర్ ముందు షామియానా వేశారు. బాలవ్వ వాళ్ళు పండ్లు, చీరలు, స్వీటు డబ్బాలతో జీపు దిగారు. భూమిక తల ఎత్తకుండా కూచుంది గానీ మధ్యమధ్యలో సృజన వైపు దొంగచూపు చూసి నవ్వుకుంటున్నది. ఆ నవ్వు చూసే తనకు ధైర్యం వచ్చిందని రాజక్క చెప్పింది. బర్రెను చూపిస్తానని బాలవ్వ చేయి పట్టుకుని వెనక పాకలోకి తీసుకుపోయింది.

"వదినె, నీ కాళ్ళు మొక్కుత, నీ బిడ్డను మా ఇంట్ల ఇయ్యకు. నాకు కొడుకు లేడు. ఉన్నది బిడ్డ. నౌకరి కోసం నేనే దానికి అంగి తొడిగిచ్చిన" అంది.

బాలవ్వ అరవలేదు.  "ముందుగాల్నే చెప్పొద్దా వదినె? పోరి అందరికి ఫోటో చూపిచ్చుకున్నది" అంది. బయటికి వచ్చి, పిల్లకు ఒంట్లో బాగాలేదని చెప్పి, తెచ్చిన పండ్లు అక్కడే వదిలేసి భూమికను జీపెక్కించింది. రాజక్క చేసిన పనుల్లో నేను గర్వంగా చెప్పుకునేది ఏదన్నా ఉంటే అది. దాని వల్ల జరిగింది వేరు.

బాలవ్వ నోరు మూసుకుంది గానీ ఆమె మరిది మూసుకోలేదు. పరువు పోయిందని మండిపడి కంపెనీకి ఫిర్యాదు రాశాడు. ఆడో మగో తేలని మనిషి అబద్ధపు అఫిడవిట్‌తో ఉద్యోగం తీసుకున్నాడని, స్వయానా కన్నతల్లే ఒప్పుకున్నదని. కంపెనీ నుంచి విచారణ నోటీసు వచ్చింది. తల్లిని సాక్షిగా పిలిచారు.

పోశం ఆ రోజు నుంచి రాజక్క చేతి అన్నం ముట్టలేదు. పక్క క్వార్టర్ నుంచి తెచ్చిపెడితే తిన్నాడు. పర్శరాములు రెండు ఫోన్లలో ఏదీ ఎత్తలేదు. నోటీసు అందుకుని సృజన, రాజక్క మా గదికి వచ్చారు. చాలాకాలానికి ఇద్దరూ పక్కపక్కన కూచున్నారు. మధ్యలో ఇంకో మనిషి కూచునేంత జాగా ఉంది.

నిఖిత ముఖం వెలిగింది, నిజం చెప్పొద్దూ. "ఇదే సమయం. విచారణలో ఉన్నది ఉన్నట్టు చెప్దాం. ఇంట్లోవాళ్ళ ఒత్తిడితో ఆ అఫిడవిట్ ఇచ్చానని చెప్పు. నువ్వు సృజనవని చెప్పు. ట్రాన్స్‌జెండర్ అన్న కారణంగా ఉద్యోగం తీసెయ్యడానికి వీల్లేదు. తీసేస్తే మేం హైకోర్టులో కొట్లాడుతం. మా సీనియర్ కూడా ఒప్పుకున్నారు. గెలుస్తాం సృజనా."

"ఎప్పుడక్కా?"

నిఖిత ఫైలులో కాగితం తిప్పింది.

"జీతం ఆగుతదా?"

"ఆగొచ్చు."

"క్వార్టరు?"

"ఖాళీ చెయ్యమని అడగొచ్చు. స్టే కోసం ప్రయత్నం చేస్తం."

సృజన నవ్వింది. పాత నవ్వు కాదు. "అక్కా, నువ్వు మంచిదానివి. కానీ నువ్వు పొద్దుగూకేవరకు హైదరాబాద్ బస్సు ఎక్కుతవ్. నేను మంచంల ఉన్న బాపును ఎత్తుకోని యాడికి పోవాలె?" అని, అవ్వ వైపు తిరిగింది. "నన్ను కొడుకును చేసింది నువ్వు. బిడ్డ అని వాళ్ళతోని చెప్పింది గూడ నువ్వే. ఒక్కపారన్న నన్ను అడిగినవా? ఇప్పుడు నేను చెప్తున్న, విను. కొడుకే అని చెప్పు. పెండ్లి ఇష్టం లేక అబద్ధమాడిన అని చెప్పు."

 రాజక్క భూమికను కాపాడింది నిజమే. ఆ పని చేసేటప్పుడు సృజనను అడగలేదన్నదీ నిజమే. నాకు అప్పటిదాకా తట్టలేదు.

నిఖిత కండ్లు తుడుచుకుని, అబద్ధం చెప్పించే పనిలో తాను ఉండలేనని చెప్పింది. "నిజం చెప్పాలనుకుంటే ఏ క్షణమైనా ఫోన్ చేయండి. రాత్రి బస్సుకైనా వచ్చేస్తాను" అంది. ఆమెకు ఎవరన్నా ఫోన్ చేస్తారేమోనని నేను చూశాను. ఎవరూ చేయలేదు.

విచారణ రోజు రాజక్కకు తోడుగా నేను శ్రీరాంపూర్ పోయాను. బయటివాళ్ళు లోపలికి రావద్దంటే వరండాలో బెంచీ మీద కూచున్నాను. కిటికీ తెరిచే ఉంది. లోపల ఆఫీసరు నడివయసు మనిషి, గొంతు మెత్తన. సృజన ఒక పక్క కుర్చీలో, బాయి బట్టల్లో. రాజక్కకు కుర్చీ వేయించి, నీళ్ళు తాగమన్నాడు.

"అమ్మా, భయపడకు. నీ నోటితో ఏం చెప్తే అదే రాసుకుంటం. నీకు కొడుకా, బిడ్డా? బిడ్డ అయితే బిడ్డ అని చెప్పు. కార్డు ఉండెనని గూడ ఈ అఫిడవిట్ల రాసుంది. బిడ్డగనే నౌకరిల పెట్టుకునే వీలు గురించి పైకి రాస్త. ఏమంటరో నేను చెప్పలేను గని, రాయడమైతే రాస్త. మొదట్లోనే అడిగి ఉంటే అప్పుడే రాసేటోన్ని."

మొదట్లోనే అడిగి ఉంటే.  బెంచీ మీద నుంచి లేచి కిటికీ దగ్గరికి పోయాను. చెప్పు రాజక్కా, బిడ్డ అని చెప్పు అని లోపల్లోపల మొత్తుకున్నాను. ఏమంటరో చెప్పలేను అన్నాడు గదా అని నా బుద్ధే మళ్ళీ వెనక్కి లాగింది. క్వార్టర్‌లో పోశం మంచం నాది కాదు. నిఖిత లాగానే నాకూ ఎక్కడానికి బస్సు ఉంది.

రాజక్క సృజన వైపు చూసింది. ఆ చూపులో అడగడం ఉంది. జీవితంలో మొదటిసారి ఆమె తన బిడ్డను అడిగింది. సృజన తల అడ్డంగా ఊపింది.

"కొడుకే సారు" అంది రాజక్క. "నా కొడుకు రాకేశ్. మగోడే. ఆ పిల్ల నాకు నచ్చలే. సంబంధం చెడగొట్టాలని నోటికొచ్చిన అబద్ధం ఆడిన. తప్పు నాది."

 ఆఫీసరు రాసుకున్నాడు. చదివి వినిపించి వేలిముద్ర వేయించుకున్నాడు. అంత సేపూ సృజన తన చేతులనే చూసుకుంటూ కూచుంది. బయటికి వచ్చాక అవ్వ దగ్గరికి వచ్చి, "మంచిగ చెప్పినవ్ అవ్వా" అంది. ఆ మాటలో కోపం లేదు, అదే నాకు భయమేసింది. షిఫ్టుకు టైమైందని గేటు వైపు నడిచింది.

రాజక్క వరండా మెట్ల మీద నిలబడిపోయింది. షిఫ్టు మనుషులు గుంపులు గుంపులుగా పోతున్నారు. ఉన్నట్టుండి గొంతెత్తి, "సృజనా!" అని పిలిచింది. నలుగురైదుగురు తిరిగి చూశారు. సృజన తిరగలేదు. వినబడలేదో, వినబడనట్టు పోయిందో నాకు తెలియదు. రాజక్క ఇంకోసారి అదే పేరుతో పిలిచింది. గుంపులో ఆ నడక ఆగలేదు.

అప్పుడు "రాకేశ్!" అని పిలిచింది.

వెంటనే ఆగి, వెనక్కి తిరిగి, "ఏందవ్వా?" అని అడిగింది. రాజక్క ఏం లేదని చెయ్యి ఊపింది.